నడిచి రాసిన అంకె

నాకు మనుషుల మీద ఓ పట్టాన గౌరవం కలగదు. ముప్పయ్యేళ్లు పశువుల డాక్టరుగా తిరిగాను. అబద్ధమాడని ప్రాణులకు అలవాటుపడ్డాక మనుషులు కంటికి ఆనరు. గిజెల్లా సంగతి వేరు.

ఆవిడ మా ఊళ్లో ఉత్తరాలు పంచి రిటైరైంది. శనివారాలు ఫైర్ స్టేషన్ వెనక గదిలో మేం బల్ల మీద బొమ్మలతో ఆడే యుద్ధానికి కార్డులు రాసేది ఆవిడే. 1849లో మా కొండల్లో జరిగిన ఓ చిన్న పోరు అది. సీసం సైనికుల్ని మేమే పోత పోసుకున్నాం, నియమాలూ మేమే పెట్టుకున్నాం. ఒక్కో దళానికి చెప్పులపెట్టె అట్టతో కోసిన కార్డు ఒకటి, దాని మీద మూడంకెలు: నడక, తూటా, గుండె. ఒక వంతులో ఎంత దూరం పోగలరు, ఎన్నిసార్లు కాల్చగలరు, ఎంతవరకు పారిపోకుండా నిలబడగలరు అని. తను పరీక్షించని అంకె ఆవిడ రాయదు. తూటా అంకె కోసం మ్యూజియం వాళ్లను బతిమాలి పాత తుపాకీ తెచ్చి, నా చేతికి గడియారమిచ్చి, ఉత్తుత్తినే నలభైసార్లు దట్టించింది.

బెరెక్‌ఫల్వా అనే ఊరి దళం కార్డు మాత్రం ఆవిడకన్నా ముందు ఎవరో రాసింది. నడక ఆరు, గుండె ఒకటి: కాళ్లున్నాయి, ధైర్యమే లేదని. నాద్‌హాజా ఊరివాళ్లు శత్రువుకు ఎదురొడ్డి నిలబడితే, కొండ దాటి మధ్యాహ్నం పన్నెండింటికల్లా సాయం రావాల్సిన బెరెక్‌ఫల్వా వాళ్లు అంతా అయిపోయాక వచ్చారు. నాద్‌హాజాలో నూటపది మంది పోయారు. నూట నలభయ్యేళ్లుగా ఒకటే ఎత్తిపొడుపు. మాతో ఆడే బెనెడెక్ నాద్‌హాజా వాడు. బెరెక్‌ఫల్వా నుంచి ముసలాయన దెజో మా గదిలోకి అడుగుపెడితే చాలు, మొదలుపెట్టేవాడు.

"రా తాతా, రా! తీరిగ్గా భోంచేసే వచ్చావా? మీవాళ్లకది అలవాటేగా!"

ఆ దళాన్ని నడిపించింది దెజో ముత్తాత. డెబ్బయ్యెనిమిదేళ్ల ఆ మనిషి నవ్వి ఊరుకునేవాడు. ఆ మార్చిలో మాత్రం గిజెల్లా పక్కన వచ్చి కూర్చున్నాడు.

"అమ్మాయ్, ఆ గుండె అంకె కాస్త పెంచవే. పోయేలోపు ఒక్కసారి కళ్లారా చూసుకుంటాను."

"అడిగితే రాసేదాన్ని కాదు మావయ్యా. నడిచి చూస్తాను. రాగలిగుండీ రాలేదని తేలిందనుకో, ఆ ఒకటి కూడా సున్నా చేసేస్తాను. సరేనా?"

ఆయన మొహం పాలిపోయింది. అయినా, "సరే, నడువు" అన్నాడు.

ఏప్రిల్‌లో, పోరు జరిగిన తేదీనే, బెరెక్‌ఫల్వాలో నేనూ గిజెల్లా బయల్దేరాం. ఆజ్ఞ ఉదయం పదింటికి అందిందని చర్చి పుస్తకంలో ఉంది. ఆవిడ అరవయ్యొక్కేళ్ల మనిషి, వీపున సైనికుడి సామానుకు బదులు పాతిక కిలోల పిండి మూట, భుజాన తుపాకీకి బదులు పలుగు. మ్యాపులో తొమ్మిది కిలోమీటర్లే. కరిగిన మంచు లోయనంతా బురద చేస్తుందని మ్యాపుకేం తెలుసు? మోకాలిదాకా దిగబడింది. ఊడిన బూటును చేత్తో తవ్వి తీసి, మళ్లీ తొడుక్కుంది.

"ఆ మూట దించు తల్లీ! నీకేమైనా అయితే, నేను పశువుల డాక్టర్ని!"

"గాడిదనుకుని మందెయ్యి. టైమెంతయింది, అది చెప్పు."

అవతలికి దిగేసరికి మూడు దాటింది. నేను గడ్డిలో కూలబడ్డాను. ముసలిదాని నడక లెక్కేమిటంటారని మర్నాడు మూట లేకుండా నడిచింది. రెండుంపావు. మూడోరోజు పాతికేళ్ల ఫైర్‌మన్ చేత మూట మోయించి, తనూ వెంట వచ్చింది. ఎంత తరిమినా ఒంటిగంటా నలభై. ఒక్క అంకె కోసం పుళ్లు పడ్డ ఆ పాదాలకు నేనే కట్లు కట్టాను. చేతులెత్తి మొక్కాలనిపించింది.

కొత్త కార్డు మీద నడక రెండయింది. గుండె ఐదు. "దారి పొడుగునా అవతల ఫిరంగులు వాళ్లకి వినబడుతూనే ఉండుంటాయి. ఒక్కడైనా వెనక్కి తిరగలేదు కదా" అంది.

ఆ శనివారం దెజో గోడవారన కూర్చున్నాడు. బెనెడెక్ కార్డు చదివి పెదవి విరిచాడు. "ఏదీ, మీ దళాన్ని నేనే నడిపిస్తా. ఎందుకు రారో చూస్తా!" ఎక్కడా ఆపకుండా నడిపించాడు. పన్నెండయ్యేసరికి దళం లోయలోనే ఉంది. ఇవతల నాద్‌హాజా బొమ్మలు ఒక్కొక్కటే పడిపోయాయి. "ఇంకోసారి" అన్నాడు. మళ్లీ అంతే. మూడోసారి ఆడుతుంటే అందరూ బల్ల చుట్టూ చేరారు. చివరి బొమ్మ పడ్డాక కూడా వాడి చెయ్యి లోయలోని దళం మీదే ఉండిపోయింది.

"మావాళ్లు చివరిదాకా కొండవైపే చూస్తూ ఉండి ఉంటారు తాతా" అన్నాడు.

"మావాళ్లు వస్తూనే ఉన్నార్రా నాయనా. ఆ మాట వాళ్లకి చెప్పేవాళ్లే లేకపోయారు" అన్నాడు దెజో.