సర్టిఫికెట్ మీద పసుపు

నా చిన్నప్పుడు మా బాపమ్మ కాలికి మానని పుండు ఒకటి ఉండేది. నేను చెప్పబోయేది ఒక కాగితం సంగతే అయినా, నా కోపం ఆ పుండు దగ్గరే మొదలయింది కనుక ముందు దాని గురించి చెప్పాలి.

మాది మందమర్రి. మా నాన్న, బాపమ్మ కొడుకు, బొగ్గుబావిలో పని చేసేవాడు; ఆయన్ని బాపు అనేవాళ్లం. కాలనీలో మా గోడకు ఆనుకున్న క్వార్టర్లో ఒక అక్క, వాళ్ల అమ్మ ఉండేవాళ్లు. అక్క ఎక్కడో దూరాన మూడేళ్లు నర్సు చదువు చదివి వచ్చి దవాఖానలో చేసేది. రోజూ డ్యూటీకి పోయే ముందు మా ఇంటికి వచ్చి, మంచం పక్కన పీట వేసుకుని కూర్చుని, బాపమ్మ మడమ మీది పుండు కడిగి కట్టు కట్టేది. పాత ధోవతి చించి పేలికలు చేసి, వాటినే ఉడకబెట్టి, ఎండలో ఆరేసి మళ్లీ మళ్లీ వాడేవాళ్లం. ఒక్క ధోవతి ఎనిమిది నెలలు వచ్చింది. ఇప్పటి పిల్లలు గోరంత గీరుకుంటే మూరెడు దూది పారేస్తారు.

అక్క మా దగ్గర పైసా తీసుకోలేదు. ఆమె గడప దాటగానే బాపమ్మ నన్ను పిలిచి, ఆ పీట మీద పసుపు నీళ్లు చల్లమనేది. "మంది పుండ్లు, మంది పురుళ్లు ముట్టే చేతులు" అనేది. మా మంచినీళ్ల బిందెను ఆమె ముట్టుకోవడానికి లేదు. మరి తన కాలును ముట్టింది కూడా ఆ చేతులే కదా అని నాకు పదేళ్లకే తోచింది. తోచినా అనలేదు. చల్లమంటే చల్లాను. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, బాపమ్మ మీద కొంత, నా మీద కొంత.

ఆ ఏడు కువైట్ దవాఖాన వాళ్లు నర్సులను ఎంచుకోవడానికి పట్నం వస్తున్నారని అక్కకు తెలిసింది. మా వైపు నుంచి మగవాళ్లు అప్పుడప్పుడే గల్ఫ్‌కు పోవడం మొదలుపెట్టారు. వాళ్లు పోతుంటే డప్పులు కొట్టి సాగనంపారు. ఆడపిల్ల తన చదువు పట్టుకుని పోతానంటే మాత్రం నల్లా దగ్గర ఒక్క నోరు మూతపడలేదు. "మొగడు లేకుంటనే సముద్రం దాటుతదట, అక్కడ ఎవలను కడుగుతదో ఏమో" అని ఒకామె అంటే పదిమంది నవ్వేవాళ్లు. కాలు నొప్పి, నడవలేను అనే మా బాపమ్మ ఆ మాటల కోసం కుంటుకుంటూ నల్లా దాకా పోయేది.

అక్క ఉత్తరం మీద ఉత్తరం రాస్తే చివరికి ఆమె పేరున రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ వచ్చింది. మూడేళ్ల చదువు ఆ ఒక్క కాగితంలో ఉంది. అది చూపిస్తేనే పట్నంలో ఆమెను నర్సు అంటారు, లేకపోతే లేదు. అవి వానలు దంచే రోజులు. వాళ్ల పెంకులు కారుతున్నాయి. మా ఇంట్లో బాపుది ఇనుప సందుగ ఉంది. పట్నం పోయే దాకా అందులో పెట్టమని, పాత పేపర్లో మడిచిన ఆ కాగితాన్ని అక్క నన్ను కన్న అవ్వకు కాదు, బాపుకు కాదు, నా చేతికి ఇచ్చింది.

"రోజుకొక్కపారి చెయ్యి పెట్టి తడి తగిలిందా చూడు చెల్లె. ఇంకేం చెయ్యకు" అంది.

నేను రోజుకు నాలుగుసార్లు చూశాను. అంత గొప్పగా ఉండేది. ఆమె బయలుదేరే ముందు రోజు నేను సందుగ తెరిచి చూస్తుంటే బాపమ్మ మంచం మీద నుంచి అడిగింది. "గా కాయితానికి పసుపు పెట్టిండ్రా?"

పెట్టలేదన్నాను.

"పెండ్లి పత్రికకు పెడ్తం, భూమి కాయితానికి పెడ్తం, కొత్త చాటకు సుత పెడ్తం. గంత దూరం పోయేదాన్ని ఉత్తగ పంపుతరా? తీసుకరా."

దానిలో ఆమెకు చెడ్డ ఉద్దేశం లేదు. అది నేను ఒప్పుకుంటాను. గిన్నెలో పసుపు నీళ్లతో కలిపి తెచ్చి, ఒక్కో మూలకు బొటనవేలితో అద్దాను. మూడు పెట్టాను. "గట్ల కాదు, సరిగ వత్తాలె" అని బాపమ్మ కాగితం లాక్కుని నాలుగోది తనే వత్తింది. ఆ మూలన ఊదా రంగు ముద్ర ఉంది, నంబరు ఉంది, సంతకం ఉంది. ముద్ర కరిగి పసుపులో కలుస్తుంటే చూశాం. "ఆరితే సక్కగైతది" అంది. ఆరబెట్టి, మళ్లీ పేపర్లో మడిచి పెట్టింది. మరునాడు పొద్దున బండికి టైమవుతుంటే అక్క పరుగున వచ్చి ఆ మడత అట్లాగే సంచిలో పెట్టుకుని పోయింది. పట్నంలో విప్పినప్పుడు పసుపు చూసి ఎంత సంతోషపడుతుందో అని నేను గడప దగ్గర నిలబడి నవ్వుకున్నాను.

ఆమె విప్పింది కువైట్ వాళ్ల బల్ల ముందర. ముద్ర చెరిగింది, నంబరు కనబడడం లేదు, దిద్దిన కాగితం చెల్లదు అని వెనక్కి నెట్టారట. రెండో రోజు సాయంత్రం తిరిగి వచ్చి మా వాకిట్లో నిలబడి, "ఎవలు పెట్టిండ్రు?" అని ఒకటే మాట అడిగింది. గొంతు పెంచలేదు.

నేను బాపమ్మ వైపు చూశాను. ఆమె వక్క కొరుకుతోంది. నేనే పెట్టానని చెప్పాను. అవ్వ చీపురు తిరగేసి నన్ను కొట్టింది. నాలుగు దెబ్బలు పడ్డాక బాపమ్మ మంచం మీద నుంచి, "ఇడిసిపెట్టు, తెల్వని పిల్ల" అంది. పెద్దమనసుతో. నన్ను క్షమించినట్టు. దెబ్బలు ఎప్పుడో మరిచాను గాని ఆ మాట మరవలేదు.

మరునాడు నల్లా దగ్గర కూడా బాపమ్మ ఊరుకోలేదు. "పసుపు ఉత్తగ పడదు. అమ్మోరే ఆపింది" అని చెప్పి వచ్చింది. అందరూ అవునన్నారు. అక్క వాళ్ల అమ్మ బిందె నింపుకోకుండానే తిరిగి పోయింది.

ఆ పొద్దున అక్క రాదనుకున్నాను. వేళకే వచ్చింది. పీట వేసుకుంది, నీళ్లు తెమ్మంది. అవ్వ పెరట్లో బట్టలు ఉతుకుతోంది. అక్క సర్టిఫికెట్ తీసి మంచం మీద పరిచి, నా బొటనవేలు ఒక మూల పక్కన పెట్టి చూసింది.

"మూడు చిన్నయి. ఒకటి పెద్దది" అంది.

బాపమ్మ కుడి బొటనవేలి మీద కొడవలి కోసిన గాటు ఉండేది. ముద్ర మీది పసుపులో నడిమిట్ల ఆ గాటు తెల్లటి గీతలా పడి ఉంది. నెలల తరబడి మా ఇంట్లో పుండు చూసిన మనిషి, వేలు చూడకుండా ఉంటుందా? బాపమ్మ వేళ్లు చీరలో దాచుకుంది. తర్వాత కాలు కూడా వెనక్కి లాక్కుంది. ఈ కోపంలో పుండు మీద ఏం పోస్తుందో అని భయపడిందని నాకు అర్థమైంది.

"కోపం నీ మీద. పుండు మీద కాదు. కాలు చాపు" అంది అక్క.

రోజులాగే కడిగింది. నీళ్ల వేడి ఇసుమంత ఎక్కువ కాలేదు, ఒక్క పేలిక తక్కువ కాలేదు. ముఖం మాత్రం రాయిలా ఉంది. కట్టు ముడి వేసేటప్పుడు బాపమ్మే ఉండబట్టలేక, "ఇగ నల్ల కాడ అందరికి చెప్తవా?" అని అడిగింది.

"నల్లకాడోళ్లు నాకు కాయితమిస్తరా? తాసిల్ కచేరి కాడ స్టాంపు కాయితం మీద నువ్వు చెప్పాలె, తెల్వక చెడగొట్టిన అని. అప్పుడే నకలు ఇస్తరట."

"నేను రాను. షరం బోతది, పరువు బోతది."

"నీది రేపు పోతది. నాది నిన్ననే పోయింది" అని కట్టు సామాన్ల తట్ట తీసుకుని లేచింది.

మూడు రోజులు ఇదే నడిచింది. వచ్చేది, కాగితం మంచం మీద పరిచేది, కాలు కడిగేది, పోయేటప్పుడు "వస్తవా?" అని ఒక్కసారి అడిగేది. మూడు రోజులూ నేను పీట మీద పసుపు నీళ్లు చల్లలేదు. బాపమ్మ చల్లమని అనలేదు. నాలుగో రోజు కట్టు అయ్యాక తన చెప్పులు ఎక్కడున్నాయని నన్ను అడిగింది.

రిక్షాలో ముగ్గురం పోయాం. కచేరీ బయట బల్ల వేసుకుని కాగితాలు రాసే మనిషి, సర్టిఫికెట్ అటు ఇటు తిప్పి చూసి, "పసుపు పెట్టినంక పెండ్లే గద బిడ్డా, కువైట్ ఎందుకు?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అక్క పెదవి కొరుక్కుంది. అప్పుడు మా బాపమ్మ కర్ర ఆనించి లేచింది.

"పెట్టింది నేను. బుద్ధి లేనిది నాకు, ఆ పిల్లకు కాదు. నవ్వుడు అయినంక ఏలు ఎక్కడ వత్తాల్నో చూపెట్టు" అంది.

అతను నోరు మూసుకుని రాశాడు. ఆ బొటనవేలే, ఆ గాటే, ఈసారి నల్ల సిరాలో పడింది.

ఇక్కడితో ఆపితే బాపమ్మ మంచిది అయిపోతుంది. కానీ ముక్కు మొహం తెలియని వాళ్ల ముందు అన్న ఆ మాట, ఇంటికి వచ్చాక మా అవ్వ ముందు అనలేదు. నల్లా దగ్గర అనలేదు. అమ్మోరు ఆపిందన్న మాట అట్లాగే తిరిగింది. నకలు రావడానికి మళ్లీ వానకాలం దాకా పట్టింది. అందరి ఎత్తిపొడుపుల మధ్య అక్క ఆ ఏడాదంతా డ్యూటీ చేసింది. రెండోసారి పట్నం పోయి ఎంపికై వచ్చింది.

పోయే వారం ముందు నాకు కట్టు కట్టడం నేర్పింది. ఇక ఆ పని నాదే అని మా ఇంట్లో తేల్చి, ఐదో తరగతిలో బడి మాన్పించారు. కాలు బాపమ్మది, పోయిన చదువు నాది. పళ్లు కొరుకుతూ గుడ్డ చుడుతుంటే అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"కోపంల బిర్రుగ గుంజుతున్నవ్. నెత్తురు ఆగుతది. కోపం జర పక్కన పెట్టి కట్టు. కట్టినంక మళ్ల తీసుకో, ఎవలు వద్దన్నరు?"

కోపం వదిలెయ్యమని చెప్పినవాళ్లే నాకు జీవితమంతా ఎదురయ్యారు. కట్టు అయ్యాక మళ్లీ తీసుకోమని చెప్పింది ఆమె ఒక్కతే.

అక్క కువైట్ నుంచి పంపిన మొదటి ఉత్తరం వచ్చిన ఏడే, నల్లా దగ్గర నవ్విన ఆడవాళ్లు తమ బిడ్డల కాగితాలు పట్టుకుని, వాళ్లనూ కువైట్ పంపించమని అక్క వాళ్ల అమ్మ గడప ముందు నిలబడ్డారు. ఆమె అందరికీ మంచినీళ్లు ఇచ్చింది. నేనైతే ఇచ్చేదాన్ని కాదు.

ఇప్పుడు నా మనవరాలు నర్సు చదివి పరాయి దేశం పోతోంది. మొన్న దాని సర్టిఫికెట్లు బల్ల మీద ఉంటే కోడలు పసుపు గిన్నెతో వచ్చింది. "పిల్ల నొసట పెట్టు, గడపకు పెట్టు. కాయితం ముట్టినవంటే చెయ్యి ఇరుగుతది" అన్నాను. ముసలిదానికి అంత కోపం ఎందుకని కోడలు గొణిగింది. గొణగనీ. ఆ కాగితాలు నా పెట్టెలోనే ఉన్నాయి, తాళంచెవి నా కొంగుకు ఉంది.

ఏడాదిన్నర బాపమ్మ కాలు నేనే కడిగాను. రోజూ కోపాన్ని పక్కన పెట్టి కట్టాను, కట్టాక మళ్లీ తీసుకున్నాను. ఆమె పోయిన రోజు నాకు ఏడుపు రాలేదు. కానీ ఆమె కాలికి ఆఖరున ఉన్న పేలిక కూడా నేను ఉడకబెట్టి, ఎండలో ఆరేసి కట్టిందే.