బ్రిటిష్ టాకీకి తెనాలి వన్స్‌మోర్

పద్యనాటకాలకి హార్మోనియం వాయించిన మా పెదనాన్నకి, మొన్న తెనాలి వెళ్లినప్పుడు నా ల్యాప్‌టాప్‌లో ఒక పాత బ్రిటిష్ సినిమా చూపించాను. సినిమాలకి మాటలొచ్చిన కొత్తలో తీసిన పాటల సినిమా అది.

నాకైతే ఒళ్లు మండిపోయింది. మైకు పూలకుండీలో దాచారో ఏమో, అందరూ దాని దగ్గరికొచ్చే మాట్లాడతారు. తల్లి కొన ఊపిరితో ఉంటే, కొడుకు డాక్టర్ని పిలవడం మానేసి, ఆవిడ వైపు వీపు తిప్పి పాట ఎత్తుకున్నాడు. చరణాలన్నీ అయ్యేదాకా ఓపిక పట్టి, అప్పుడు పోయిందావిడ.

"తల్లి పోతుంటే పాటేంటి పెదనాన్నా?" అన్నాను.

"అప్పుడు కాక ఇంకెప్పుడు పాడతారమ్మా? గొంతు బాగుంది. లోపమల్లా ఒకటే, అంత బాగా పాడినా ఒక్కసారితో వదిలేశారు. మా నాటకాలకొచ్చే రేపల్లె జనమైతే వదిలేవాళ్లా? వన్స్‌మోర్ అంటే కథ ఆపి మళ్లీ పాడాల్సిందే" అని, ల్యాప్‌టాప్ వైపు చూసి "వన్స్‌మోర్" అని కేకేశారు.

విసుక్కుంటూనే వెనక్కి తిప్పాను. పోయినావిడ పాపం మళ్లీ కళ్లు తెరిచింది. కొడుకు పాడుతుంటే పెదనాన్న వేళ్లు కుర్చీ చేతి మీద ఆ పాట వాయించాయి. ఆవిడ ఇంకోసారి పోయింది.

ఈసారి వన్స్‌మోర్ అన్నది నేను.