మాడు మీద తమలపాకు

నేను దెయ్యాలను నమ్మే మనిషిని కానండీ. ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే నవ్వేసి లేచి వెళ్లిపోయేదాన్ని. ఇప్పుడు నమ్ముతున్నాననీ చెప్పను. జరిగింది మాత్రం చెబుతాను.

మాది ముక్తేశ్వరం. మా బాబు ఏడో నెలలో మంచం మీంచి కింద పడ్డాడు. మెదడు చుట్టూ నీరు చేరిందని కాకినాడలో ఆపరేషన్ చేసి తీశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు గట్టిగా చెప్పారు.

"మళ్లీ చేరొచ్చమ్మా. ఏడవనప్పుడు నిటారుగా ఎత్తుకుని మాడు చూస్తూ ఉండండి. ఉబ్బినా, మత్తుగా పడుకున్నా వెంటనే తీసుకురండి. ఆముదం, ఆకులు మాత్రం పెట్టకండి."

"ఆయ్," అని మా అత్తగారు తల ఊపారు.

మా వైపు పసిపిల్లలకి తమలపాకుకి ఆముదం రాసి, దీపం సెగకి వెచ్చజేసి, నడినెత్తిన మెత్తగా ఉండే ఆ మాడు మీద వేస్తారు. ఇంట్లో పిల్లలందరికీ మావారి మామ్మగారే వేసేవారట. బాబు పుట్టకముందే పోయారావిడ. ఇంటికి రాగానే నేను ఆముదం సీసా పారబోశాను.

ఒక మధ్యాహ్నం పెరట్లో బట్టలు ఆరేసి లోపలికి వచ్చాను. బాబు నిద్రపోతున్నాడు. మాడు మీద తమలపాకు. ముట్టుకుంటే వెచ్చగా ఉంది.

ఒళ్లు మండిపోయింది నాకు. ఆకు తీసి పారేసి, జిడ్డు తుడుద్దామని వాణ్ణి భుజానికెత్తుకున్నాను. చేతికింద మాడు ఉబ్బి బిగుసుకుపోయి ఉంది. ఎంత పిలిచినా కళ్లు విప్పలేదు. ఆ ఆకు లేకపోతే, పడుకున్నాడు కదా అని సాయంత్రం దాకా కదిపేదాన్నే కాదు.

నా అరుపుకి అత్తగారు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చారు.

"చెప్పినా వినరు కదండీ," అన్నాను.

"నేను వెయ్యలేదమ్మాయ్. బాబు మీద ఒట్టు," అంటూ వాడి తల మీదికి చెయ్యి చాపారు. ఉబ్బిన మాడు చూసి వెనక్కి తీసేసుకున్నారు.

కాకినాడలో మళ్లీ నీరు తీశారు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు.

అత్తగారే వేసి, భయపడి దాస్తున్నారని అనుకున్నాను. తల మీద చెయ్యి పడకుండానే ఒట్టు సగంలో ఆగిపోయింది కదా. అలా అనుకుంటేనే నాకు నిద్ర పట్టేది.

మొన్న చూపించడానికి వెళితే, మాడు పూర్తిగా మూసుకుపోయిందన్నారు డాక్టరుగారు. ఇంటికి రాగానే అత్తగారు బాబుని ఒళ్లో కూర్చోబెట్టుకుని, నడినెత్తిన అరచెయ్యి నిండుగా ఆనించి, నాకేసి చూశారు.

"ఇప్పుడు చెబుతున్నానమ్మాయ్. ఆ ఆకు నేను వెయ్యలేదు."

మనవడి తల మీద అబద్ధం ఆడే మనిషి కాదావిడ. ఆ మధ్యాహ్నం ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. ఆకు ఎవరు వెచ్చజేశారో నాకు ఈనాటికీ తెలియదు.