తీగను పక్కకు లాగడం

మొన్న మా కోడలు కొత్త నూలు చీరకు గంజి పెట్టి పెరట్లో ఆరేసింది. ఆ పులిసిన వాసన ముక్కుకు తగలగానే తిరుత్తణిలో మా వీధి, మగ్గానికెక్కించే ముందు గంజి పట్టించి పొద్దున్నే కొయ్యల మధ్య బారుగా సాగదీసిన పడుగు దారాలు, వాటి కింద దూరబోతే వెనకనుంచి వినపడే మా నాయన అరుపు, అన్నీ ఒక్కసారిగా చుట్టుముట్టాయి. సాగదీసిన దారాన్ని కదపకూడదన్నది మా ఇంట్లో పిల్లలకు ఉగ్గుపాలతో పట్టిన మాట.

అలాంటి ఇంటి పిల్లకు గిటారు పిచ్చి పట్టింది. అంటించింది ఎదురింటి సామ్యేలన్న. ఆయనకు రైల్వేలో పని. శనివారాలు మద్రాసు పోయి, ఒక హోటల్లో బ్లూసూ, రాకూ, రాకబిల్లీ అనే అమెరికా పాటలు వాయించే ముసలి ఆంగ్లో ఇండియన్ల పక్కన కూర్చుని వాళ్ల వేళ్ల గుట్టు పట్టుకొచ్చేవాడు. ఆదివారం చర్చి నుంచి రాగానే తన అరుగు మీద అదంతా నాకు నేర్పేవాడు. ఆడి నెల పండగలో కొండ గుడికి పోయే మొక్కు కావళ్ల వెంట పంబ డప్పులు మోగుతుంటే మా వాయింపు మాకే వినపడేది కాదు. అయినా వాళ్లమ్మ పోసిన రాగి అంబలి ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగి, మళ్లీ మొదలుపెట్టేవాళ్లం.

రాకబిల్లీలో బొటనవేలు కింది మోతను ఆపకుండా నడుపుతుంటే, మిగతా వేళ్లు పైన పాట పలికించాలి. దానికే నెలలు పడుతుందన్నాడు అన్న. నాకు ఆ పూటే వచ్చేసింది. కాళ్లు ఒక తీరున, చేతులు ఇంకో తీరున ఆడితేనే కదా నాకు అలవాటైన మగ్గం నడిచేది! రాకు పాటలు అంతకన్నా తేలిక, మణికట్టు వదిలేసి దంచడమే. నేనింక నేల మీద నిలవలేదు.

బ్లూసు దగ్గర బండి దిగబడింది. తీగను నొక్కిపట్టి అడ్డంగా పక్కకు లాగితే, స్వరం మూలుగుతూ పైకెక్కాలి. నా వేలు నొక్కేదే గాని లాగేది కాదు. పడుగులా వరసలో ఉన్నదాన్ని పక్కకు జరపడానికి ప్రాణం ఒప్పుకునేది కాదు. పైగా తెగితే తీగ కోసం మద్రాసు పోవాలి. ఇంతలో అన్నకు బదిలీ అయింది. మరునాడు ప్రయాణమనగా గిటారు పట్టుకుని మా వాకిట్లోకే వచ్చాడు.

"ఇది రాకుంటే నువ్వు నేర్చుకునిందంతా సుమ్మానే, దండగే పాపా," అన్నాడు.

ఎంత పెనుగులాడినా వేలు కదల్లేదు. ఏడుపొచ్చింది. లోపల మగ్గం చప్పుడు ఆగింది. అంతవరకూ నా గిటారు పిచ్చి గురించి మంచీ చెడూ అనని నాయన, మగ్గం గుంటలోంచి లేచి గడప దాకా వచ్చాడు.

"యాడ ఆగిపోయినావు మే?"

"తెగిపోతుందేమో నాయనా."

"తెగితే నేను ముడేస్తా. లాగు."

లాగాను. తీగ మూలిగింది, తెగలేదు. అన్న నవ్వాడు. నాయన పోయి మళ్లీ మగ్గంలో కూర్చున్నాడు. సంతోషంతో ఆ పూట నాకు అన్నం ధ్యాసే లేదు.

ఇప్పుడు మా వీధిలో మగ్గాల్లేవు, గుంటలు పూడ్చి గచ్చు చేశారు. సామ్యేలన్న ఎక్కడున్నాడో తెలీదు. గిటారు తీగలు ఫోన్లో చెబితే ఇంటికే వస్తాయి, తెగినవి పారేస్తాను. అయినా నాయన పోయాక చాలా రోజులు ఆ స్వరం దగ్గర నా వేలు లాగడానికి భయపడింది. తెగితే ముడేసేవాడు లేడు గదా.