గురువారం అచ్చుపడలేదు

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లని ఏడిపించడం నాకు చిన్నప్పటి నుంచీ సరదా. ఇప్పటికీ వాటి మీద నమ్మకం లేదు. నిరుడు మాత్రం ఒక ముసలావిడ పేరు నా చేతుల మీదుగా చెరిగిపోబోయి, ఎలాగో ఆగింది. ఆ 'ఎలాగో' దగ్గరే నా బుర్ర పనిచేయడం మానేసింది.

నాది సాలూరు. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు డిజైన్ చేసుకుని బతుకుతున్నాను. సొంతంగా రాక్ పాటలు కట్టి పాడుకునే విశాఖపట్నం కుర్రాళ్లు ముగ్గురు తమ ఆల్బమ్‌కి కవరు చెయ్యమన్నారు. ఈ మధ్య మళ్లీ ఫ్యాషనైన పెద్ద గ్రామఫోను రికార్డు. అడుగు పొడవు, అడుగు వెడల్పు అట్ట చేతికిస్తే నాలాంటివాడికి పండగే.

ఆ కవరు ఎలా ఉంటుందో చెప్పకపోతే అసలు సంగతి అర్థం కాదు. ముందువైపు బొమ్మ లేదు, పేరు లేదు. అట్టంతా వలిసె పూల పసుపు. శీతాకాలం మొదట్లో అరకు దారిలో కొండవాలు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. మధ్యలో గుండ్రటి కన్నం. అందులోంచి లోపలి తెల్లకాగితం మీద గీసిన కొండ ఒక్కటే కనిపిస్తుంది. ఆ కాగితానికి నాలుగు మడతలు. ఒక్కో మడతా విప్పుతుంటే కొండ దిగుతున్నట్టు అచ్చువేసిన పాటలు వరసగా వస్తాయి. ఇప్పుడు చూస్తే కన్నం కాస్త పెద్దదైంది, అక్షరాలు మరీ చిన్నవయ్యాయి. మడతల ఆలోచన మాత్రం బాగా కుదిరింది. గొప్పలు పోతున్నాననుకోకండి.

ఆఖరి మడతలో ఆఖరి పాట. అందులో గిటార్లతో పాటు ఒక ముసలావిడ గొంతు వినిపిస్తుంది. ఒడిశా సరిహద్దు కొండల్లో ముంచింగిపుట్టు వైపు పనిచేసే టీచరెవరో ఫోన్లో రికార్డు చేసి పంపారట. కుర్రాళ్లు ఆమెని చూడలేదు. ఫైలుకి 'గురుబారి' అని పేరుంది. ఒడియా కలిసిన కొండ మాటల్లో గురువారాన్ని గురుబార్ అంటారని నాకు తెలుసు. సంతలన్నీ తిరిగినవాణ్ణి కదా, ఆ మాత్రం తెలియదా! ఇంకెవర్నీ అడక్కుండా పాట కింద ఒక వాక్యం పెట్టేశాను: 'ఈ జానపదం గురువారం రికార్డు చేసినది.'

మొదటి ప్రూఫులో 'గురువారం' అన్న మాట పడలేదు. మిగతా వాక్యమంతా ఉంది. ఆ మాట ఉండాల్సిన చోట తెల్లగా ఖాళీ. కంప్యూటర్లో చూస్తే ఉంది. ప్రెస్సు నడిపే సత్తిబాబు ఫాంటు గొడవన్నాడు. ఫాంటు మార్చాం, పడలేదు. అక్షరాలని బొమ్మగా మార్చి పంపాను, పడలేదు. వాక్యాన్నే తీసుకెళ్లి పాట పైన పెట్టాను. ఖాళీ కూడా దానితో పాటే పైకొచ్చింది. మొత్తం నాలుగు షీట్లు. అదే మిషను, అదే సిరా. పక్కనున్న 'జానపదం' నిక్షేపంలా ఉంది.

"ఏటి సారూ, ఈ మాటకీ నా మిషనుకీ ఏటైనా తగువుందా?" అన్నాడు సత్తిబాబు. నవ్వాను గానీ నాకు లోపల బాగా లేదు.

ఆ వారమే వెనక అట్టకి ఫొటో కోసం ముంచింగిపుట్టు వెళ్లాను. సంత రోజు, మిట్టమధ్యాహ్నం. టీ కొట్టు దగ్గర కూర్చుని ఫోన్లో ఆ పాట పెట్టుకున్నాను. పక్కన విస్తళ్లు కుట్టే అడ్డాకుల కట్టలు అమ్ముతున్న ఆవిడ లేచి వచ్చింది. నలభై ఏళ్లుంటాయేమో. పాట అయ్యేదాకా ఫోను వైపే చూస్తూ నిలబడింది.

"మా అమ్మది బాబూ ఆ గొంతు," అంది. "వానలప్పుడు పోయింది."

మళ్లీ పెట్టమంది. మూడుసార్లు పెట్టాను. తల్లి ఫొటో కూడా ఒక్కటి లేదట. గొంతు ఇలా మిగిలి ఉందనే ఆవిడకి తెలియదు. పేరడిగితే సోంబారి అని చెప్పింది. "సోమారం పుట్టినాను, సోంబారి అన్నారు. అమ్మ గురువారం పుట్టింది, గురుబారి."

మనిషి పేరుని పట్టుకుని వారం చేసేశాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

మా అమ్మ గురించి ఏటి రాసినారని ఆవిడే అడిగింది. సంచిలో ప్రూఫు ఉంది. దాచడానికి మనసొప్పక విప్పి ఆ వాక్యం చూపించాను. ఆవిడకి చదువు రాదు. అయినా అక్షరాల మధ్య ఖాళీ మీద వేలు పెట్టి, ఇక్కడేటీ లేదేం అంది. షీటు మడిచేయబోయాను.

"పేరు తెలీక జాగా ఒగ్గేసినావా?" అని తనే అంది. "మంచి పని సేసినావు బాబూ."

మర్నాడు ఆ వాక్యం తీసేసి 'పాడినది: గురుబారి' అని పెట్టాను. మొదటి షీటులోనే నల్లగా, స్పష్టంగా పడింది. పాత ఫైలు మళ్లీ ఒకసారి వేసి చూద్దామా అన్నాడు సత్తిబాబు. వద్దన్నాను.

ఆ నాలుగు షీట్లూ అచ్చు పని తెలిసినవాళ్లకి చూపించాను. ఒక్కొక్కరూ ఒక్కో కారణం చెప్పారు. వాక్యంతో పాటు ఖాళీ పైకెలా జరిగిందో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. నాకూ తెలియదు.

రికార్డు రాగానే ఒకటి తీసుకెళ్లి సోంబారికిచ్చాను. పాట ఆవిడ తమ్ముడి ఫోన్లో వేశాను. అప్పట్నుంచీ ఆవిడ కవరు మడతలు విప్పి సంతలో కనిపించినవాళ్లందరికీ ఆ పేరు చూపిస్తోంది. మా అమ్మ పేరు కోసం జాగా ఒగ్గేసి, అడగడానికి కొండెక్కి వచ్చిన బాబు ఇతనేనని, నేను వెళ్లినప్పుడల్లా నన్ను కూడా చూపిస్తుంది. ఆ జాగా వదిలింది నేను కాదని ఇప్పటికీ ఆవిడతో చెప్పలేదు.