ఓబుళేశు జీపుకు బరువు కావాలి

కొత్త మనిషి కనబడితే పేరేమిటి, ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడగడం లోకం పద్ధతి. కమలాపురం ఓబుళేశు అవేవీ అడగడు. ఎన్ని కేజీలని అడుగుతాడు.

ఆ శనివారం మధ్యాహ్నం కోసిగి దాటి నల్లరేగడి బాటలో పడ్డ జీపు, తడిచేతిలో సబ్బుబిళ్ళలా అటూ ఇటూ జారుతూ పోతోంది. మూడు రోజులుగా ముసురు. ముందర ఒక మనిషి నెత్తిన వెదురుబుట్ట, దాని మీద ప్లాస్టిక్ పట్ట పెట్టుకుని, కాళ్ళకు చెప్పుల్లేకుండా నడుస్తున్నాడు. అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా కాలితో పాటు ఎవరి పొలమో కొంత లేచి వస్తోంది. గడ్డి దట్టంగా ఉన్న గట్టు చూసి ఓబుళేశు బండి ఆపి, తల బయటపెట్టాడు.

“ఎన్ని కేజీలుంటావప్పా?”

ఆ మనిషి బిత్తరపోయాడు. పక్కసీట్లో ఉన్న ప్రకాశం మాత్రం కదల్లేదు. నాలుగేళ్ళ కిందట తానూ ఈ ప్రశ్నతోనే ఈ జీపెక్కాడు.

ప్రకాశం రైల్వే మెయిలు సర్వీసులో ముప్పై మూడేళ్ళు ఊరివారీగా ఉత్తరాలు వేరుచేసి రిటైరైన మనిషి. అన్ని ఊళ్ళ పేర్లు చదివి ఒక్క ఊరూ చూడలేదన్న దుగ్ధ ఉండేది. భార్య పోయాక ఇంట్లో కూర్చుంటే గోడలు దగ్గరికి జరుగుతున్నట్టు అనిపించి, సంచిలో రెండు చొక్కాలు, మూడు పుస్తకాలు వేసుకుని బయటపడ్డాడు. ఒక వానరోజు కమలాపురం బస్టాండులో రాని బస్సు కోసం నిలబడి, ఎడారులు దాటిన యాత్రికుడి పుస్తకమేదో చదువుకుంటూ ఉంటే, తలుపుల్లేని ముసలి జీపొకటి ముందర ఆగింది. యాభై ఎనిమిది కేజీలని చెప్పగానే నడుపుతున్నాయన నిరాశగా పెదవి విరిచి, “మూటా ఎనిమిది. తక్కువే. సరే, ఎక్కు” అన్నాడు. మూట అంటే సిమెంటు మూట, యాభై కేజీలు. భూమ్మీది మనుషులందరినీ ఓబుళేశు ఆ కొలతలోనే చూస్తాడు.

ఆయన సిద్ధాంతం ఏమంటే, బురదలో చక్రాలు నేలను పట్టాలంటే బండిలో బరువుండాలి. రాళ్ళు వేసుకోవచ్చు కదా అంటే, రాళ్ళు దిగి తోస్తాయా అని ఎదురు అడుగుతాడు. అందుకని దారిలో ఎవరు కనబడితే వాళ్ళను ఎక్కిస్తాడు. ముసలివాళ్ళను, గడ్డిమోపుల వాళ్ళను, సుగ్గి పనులకు వలస పోయి తిరిగొస్తున్న కూలీలను మూటాముళ్ళెతో సహా. ఎవరైనా బాడుగ ఇవ్వబోతే, బరువుగా కూర్చున్నందుకు నేనే నీకివ్వాల, నోరు మూసుకుని దిగు అని కసురుతాడు.

ఈ అలవాటు బురదతో ఆగితే బాగుండేది. తమ్ముడి కూతురి పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకును అదే మాట అడిగితే, వాళ్ళు ఇదేదో కొత్త లాంఛనం అనుకుని మొత్తం కుటుంబానిది చెప్పారు. ఒక ఎస్సైని అడిగి స్టేషన్లో గంటసేపు బల్ల మీద కూర్చున్నాడు. జబ్బుపడ్డ చుట్టాన్ని చూడటానికి ఆసుపత్రికి పోయి, “పోయినేడు మూటన్నర ఉంటివే, ఇప్పుడు నా బండికి పనికిరావు” అని లేచి వచ్చేశాడు. ఆ రోగి పౌరుషం కొద్దీ నెలలోపల కోలుకున్నాడు.

సీమలో వాన పడితే ఎవరైనా పొలం చూసుకుంటారు. ఓబుళేశు జీపు తీస్తాడు. వయసు డెబ్బై ఒకటి, గుండెలో స్టెంటు. కడపలో డాక్టరుగా ఉన్న కూతురు మధులత స్టీరింగు ముట్టుకోవద్దని కట్టడి చేసింది. ఆ పొద్దున కూడా ఫోను చేసింది.

“నాయనా, యాడుండావు?”

“ఇంట్లో.”

“ఆ శబ్దమేంది?”

“మీయమ్మ మిక్సీ వేస్తాంది.”

“అమ్మ ఈడ నా పక్కన కూచోనుండాది నాయనా.”

“అయితే పక్కింటోళ్ళ మిక్సీ” అని ఫోను పెట్టేసి, ఓబుళేశు గేరు మార్చాడు.

అటువంటి మనిషి ఇప్పుడు బుట్ట మోస్తున్న మనిషి ముందర బండి ఆపాడు. ఆ మనిషి మాత్రం ఎక్కనని తల అడ్డంగా ఊపాడు.

ఆయన పేరు మునీంద్ర, మగ్గం నేసే ఇంటివాడు. బుట్టలో ఉన్నది చౌడేశ్వరమ్మ చీర. ఏటా వాళ్ళ ఇంట్లోనే నేసి, వాగువంక అవతలి గుట్ట మీది గుడికి దీపాలు పెట్టేలోపల చేర్చాలి. మోసుకుపోయేవాడు ఆ రోజు దుడ్లు ముట్టకూడదు, ఎవరి దగ్గరా ఏదీ ఊరకే తీసుకోకూడదు, ఆఖరికి మంచినీళ్ళైనా సరే. గుడి మెట్టు మీద పూజారి ఎవరి రుణమైనా ఉందా అని అడుగుతాడు. అమ్మవారి ఎదుట అబద్ధం ఆడలేడు. ఉందంటే చీర వెనక్కి తిరగాల్సిందే. ఈ ఏడు చీర వాళ్ళ నాయన బసవన్న నేశాడు. చూపు పోయి, పోగులను వేళ్ళతో తడుముకుంటూ నేశాడు. ఇక మగ్గంలోకి దిగడు. మామూలు రోజుల్లో అయితే రోడ్డు మీద రెండు గంటల నడక. రోడ్డు మీది కల్వర్టు కొట్టుకుపోవడంతో ఈ బాట ఒక్కటే మిగిలింది. పొద్దున పదింటికి బయలుదేరి ఇప్పటికి మూడు కిలోమీటర్లు వచ్చాడు. ఇంకా ఏడున్నాయి.

“ఊరకే ఎక్కకూడదు సామీ. మీకు దండం పెడతా, మీరు పోండి” అన్నాడు.

ఓబుళేశుకు కోపం వచ్చింది.

“నిన్నెవరు ఊరకే ఎక్కమన్నారప్పా? నా బండిలో బరువు లేదు. ఈ ప్రకాశాన్ని నమ్ముకుని నేను వంక దాటలేను. ఈ రేగట్లో యాడ వెతికినా రాయి దొరకదు. నువ్వు బరువుగా కూచో, దిగబడితే తోయి. అది పని. నువ్వు పని చేస్తాండావు, నేను బండి నడుపుతాండా. ఇందులో రుణం యాడిది?”

మునీంద్ర ప్రకాశం వైపు తిరిగాడు. “నిజమేనా సామీ? బరువు కావాల్నా?”

“నాలుగేళ్ళుగా నేను చేస్తున్న ఉద్యోగమే అది నాయనా” అన్నాడు ప్రకాశం. మనస్ఫూర్తిగా నమ్మి చెప్పిన మాట. మునీంద్ర వెనక ఎక్కి, బుట్ట ఒళ్ళో పెట్టుకున్నాడు. మూటా పది.

వంక దగ్గరికి చేరేసరికి నాలుగు దాటింది. గట్టు మీద మూడు కొత్త బండ్లు పొట్టల దాకా దిగబడి ఉన్నాయి. ఒక్కొక్కటీ ఇల్లంత ఉంది, ముందర ఇనుపతాడు చుట్టే యంత్రం, పక్కన నీళ్ళలో గాలి పీల్చే గొట్టం. శని ఆదివారాలు బురద తొక్కడానికి బెంగళూరు నుంచి వచ్చిన జట్టు. వాళ్ళ నాయకుడు హనుమేష్ ఆదోనివాడే. మలెనాడు వానఅడవుల్లో జలగలు పట్టుకుంటున్నా లెక్కచేయకుండా బండ్లు నడిపామని, ఇక్కడి బురద ఒక లెక్కా అనుకున్నామని చెప్పాడు.

“ఆడ మట్టి జారిపోతాది నాయనా. ఈడ మట్టి పట్టుకుంటాది” అన్నాడు ఓబుళేశు. “పోలీసోడు పట్టుకున్నట్టు. ఇంతకీ నువ్వెన్ని కేజీలు?”

తొంభై నాలుగని విని ఆయన ముఖం వెలిగిపోయింది. హనుమేష్ మాత్రం వంగి జీపు అడుగుభాగం చూశాడు.

“అంకుల్, మీకు నాలుగు చక్రాలూ లాగుతాండాయి కదా. ఈ మట్టిలో బరువు పెంచితే ఇంకా దిగబడుతుంది. అసలు మీరు మనుషుల్ని దింపే...”

ఓబుళేశు యాక్సిలేటరు తొక్కాడు. జీపు ఊరంతా లేచేలా అరిచింది. అది తగ్గాక హనుమేష్ మళ్ళీ మొదలుపెట్టాడు. జీపు మళ్ళీ అరిచింది. మూడోసారి ఆయన అసలు కాలే తీయలేదు. వెనక మునీంద్ర బుట్టను రెండు చేతులా కావలించుకుని కూర్చుని, ఈ బండికి ఏదో జబ్బుందని జాలిపడుతున్నాడు. ప్రకాశానికి మాత్రం ముందరి సగం వినబడింది. బరువు కావాలని తాను చెప్పిన సాక్ష్యం అబద్ధమయ్యేలా ఉంది.

వంకలో ఎడమ పక్క రాళ్ళు పరిచినట్టుంటాయి, నీళ్ళు మోకాలి లోతు. ఓబుళేశు ఎప్పుడూ అటే దాటిస్తాడు. ఈ నాలుగేళ్ళలో జీపు ఒక్కసారి కూడా దిగబడలేదు. ఓబుళేశు జీపు కూరుకుపోయిందని చెప్పేవాడు రెండు జిల్లాల్లో పుట్టలేదని ఎన్ని టీకొట్ల దగ్గర చెప్పుకున్నాడో లెక్కలేదు. ప్రకాశం ఎడమకు చెయ్యి చూపించాడు. ఓబుళేశు ఆ చెయ్యి చూశాడు, రాళ్ళు చూశాడు, స్టీరింగు తిప్పకుండా నేరుగా నడిమధ్య బురదలోకి పోనిచ్చాడు. జీపు మడుగులో ఎనుము పడుకున్నట్టు కూలబడింది.

గట్టు మీద ఈలలు మోగాయి, ఫోన్లు పైకి లేచాయి. ఓబుళేశు వాళ్ళ వైపు తిరగలేదు. మీసం మీది బురద తుడుచుకున్నాడు.

“మునీంద్రా, నీ పని వచ్చింది. దిగు.”

బుట్ట ప్రకాశం ఒళ్ళోకి వచ్చింది. జీపులోని కందికట్టె కొంత చక్రాల కింద వేసి, పారతో మట్టి తీసి, మునీంద్ర భుజం పెట్టి అరగంట తోశాడు. జీపు అవతలి ఒడ్డు ఎక్కేసరికి ఆయన ఒంటి మీద కళ్ళు, పళ్ళు తప్ప తెల్లనిదేదీ లేదు. ఆ పళ్ళు మాత్రం మెరుస్తున్నాయి.

గుడి మెట్టు మీద పూజారి అడిగాడు. “ఎవరి రుణమన్నా ఉండాదా?”

“లేదు సామీ” అన్నాడు మునీంద్ర తలెత్తి. “బరువుకు కూచున్నా, వంకలో బండి తోసినా. నేను తోయకుంటే ఆ పెద్దాయన ఇంకా నీళ్ళలోనే ఉండేవాడు.”

పూజారి ప్రకాశం వైపు చూశాడు. “అక్షరాలా నిజం” అన్నాడు ప్రకాశం. ఈసారి ఎవరి లెక్కలోనైనా అది నిజమే.

పసుపుచీర, ఎర్ర అంచు. అంచులో ఒకచోట పోగు తప్పి ఉంది. పూజారి దాన్ని దాచలేదు. ఆ చోటు ముందరికి వచ్చేలా కుచ్చిళ్ళు సర్ది, దీపం వెలిగించాడు.

ప్రకాశం గుట్ట దిగి వచ్చేసరికి ఓబుళేశు పారతో చక్రాల మట్టి రాలగొడుతూ, చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని ఉన్నాడు. బెంగళూరు పిల్లల వీడియో అప్పుడే కడప చేరింది.

“నాదే జీపు. అయితే ఏంది?” అంటున్నాడు. “దిగబడలేదమ్మా. ఆపుకున్నా.”

ఫోను జేబులో పడ్డాక ప్రకాశమే ఆయన దగ్గరికి వచ్చి అన్నాడు.

“ఎడమ పక్క రాళ్ళున్నాయని నీకు తెలుసు.”

ఓబుళేశు మట్టి కొట్టాడు.

“బండికి బరువు అక్కర్లేదనీ తెలుసు.”

ఇంకో పెళ్ళ రాలింది.

“అయితే నాలుగేళ్ళుగా, వాన పడినప్పుడల్లా ఫోను చేసి మరీ, ఈ యాభై ఎనిమిది కేజీలను ఎందుకు తిప్పుతున్నావయ్యా?”

ఓబుళేశు తలెత్తి ప్రకాశాన్ని పైనుంచి కిందికి ఒకసారి చూశాడు. జీపు వెనకనుంచి కందికట్టె మోపు తీసి నెత్తిన పెట్టుకుని, తాడుచుట్ట మెడలో వేసుకుని, పార చేతపట్టుకుని, బెంగళూరు పిల్లలు ఇంకా రంయ్ రంయ్ మనిపిస్తున్న వంక వైపు నడిచాడు. వాలులో కాలు జారి మోపుతో సహా కూలబడి, ఎవరూ చూడలేదని నిశ్చయం చేసుకుని లేచి, ముందుకంటే జోరుగా పోయాడు.