ఇద్దరికీ సరిపోయే కారు

ఆ రోజుల్లో మా కాలనీలో డిప్లొమా పాసైన కుర్రాడు కనిపిస్తే చాలు, పేరు పక్కన పెట్టి "ఇంజనీరూ" అని పిలిచేవారు. ఫ్యాను తిరగకపోయినా, కుక్కరు కూత వేయకపోయినా నాకే కబురు. అప్పటికింకా రాష్ట్రం రాలేదు, నాకు ఉద్యోగమూ రాలేదు. గోదావరిఖనిలో ఒక వెల్డింగ్ షాపులో ఊరికే కూర్చోకుండా ఏదో ఒకటి అతుకుతూ ఉండేవాణ్ని. అందరూ అలా పిలవగా పిలవగా ఆ బిరుదుకు తగిన నడక కూడా నేర్చుకున్నాను (చేతులు వెనక్కి కట్టుకుని, తల కొంచెం పక్కకు వంచి).

మా కాక, అంటే బాబాయి, భూగర్భ గనిలో ఫిట్టరు. మనిషి ఆరడుగులు దాటి ఉంటాడు. పైకప్పు తక్కువగా ఉన్న చోట షిఫ్టంతా వంగి పనిచేసి, ఇంటికొచ్చాక కూడా కాసేపు అలాగే వంగి నడిచేవాడు. కారు కొనాలని ఆయనకు కోరిక. కానీ ఏ చిన్న కారులో కూర్చున్నా తల పైకప్పుకు తగిలేది. "బాయిల వంగుడే, కారుల వంగుడేనారా?" అని దిగిపోయేవాడు (గనిని మా దగ్గర బాయి అంటారు). చివరికి హైదరాబాదులో ఒక మెకానిక్ కారును విడిభాగాలుగా అమ్ముతాడని విని తెప్పించాడు. గొట్టాలతో చేసిన ఫ్రేము, పాత ఇంజను, చక్రాలు, ఫైబరు తలుపులు అన్నీ వేరువేరుగా వస్తాయి. మనమే బిగించుకోవాలి, కావలసినట్టు కోసుకోవచ్చు. లారీలోంచి ఫ్రేము దించుతుంటే పక్కింటి అవ్వ దాని చుట్టూ తిరిగి చూసి, "మంచం మంచిగున్నది గని, నవారు ఏదిరా?" అంది.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఆ ఇంట్లో డ్రైవింగు వచ్చింది మా చిన్నమ్మ ఒక్కతెకే. కాక నేర్చుకోవడానికి వెళ్తే డ్రైవింగ్ స్కూలు కారులో మోకాళ్లు పట్టలేదు; తోడుగా వెళ్లిన చిన్నమ్మ ఆ సీట్లో కూర్చుని నేర్చేసుకుంది. ఆమె మా కాక మోచేతి దగ్గరికి వస్తుంది. బసంత్‌నగర్‌లో తన అక్క కొత్త ఇల్లు కట్టి పండుగకు పిలిస్తే, "నేనే కారు నడుపుకుంట వస్త" అని ఫోన్‌లో చెప్పింది. "నువ్వా? స్టీరింగు మీదికెల్లి కానొస్తవా?" అని అక్క పడీపడీ నవ్వింది. చిన్నమ్మ ఫోన్ ఠక్కున పెట్టేసింది. మా కాకేమో తన కారు మీద తనే నేర్చుకుంటానని ఎదురుచూస్తున్నాడు.

సీటు జరిగేటట్టు పట్టాలు పెడితే పోయేది కదా అని మీరు అడగవచ్చు. సీటు వెనకే పెట్రోలు ట్యాంకు, కిందనే ఫ్రేము అడ్డగొట్టం. అందుకని డ్రైవరు సీటు జరగకుండా ఒక్క చోటే ఉండాలని నేనే తీర్పు చెప్పాను. ఇద్దరి కొలతలూ తీసి, కూడి, సగం చేసి సీటు వెల్డింగ్ చేశాను. కాక కూర్చుంటే మోకాళ్లు స్టీరింగుకు తగిలాయి. చిన్నమ్మ కూర్చుంటే బ్రేకు బొటనవేలికి అందింది, క్లచ్ ఏ వేలికీ అందలేదు. లోపమేమిటో చూద్దామని నేను ఎక్కి కూర్చుంటే సింహాసనంలా ఉంది. "నీకే చేసుకున్నవ్ గదరా!" అన్నాడు కాక.

మర్నాడు కాక డ్యూటీకి పోతూ షాపు దగ్గర ఆగాడు. "సీటు మీ చిన్నమ్మకు సరిపోయేటట్టు లేపు. ఆమెకు చెప్పకు. వాళ్లక్క ముంగట చిన్నబోతది" అన్నాడు. ఆయన అటు పోగానే చిన్నమ్మ టిఫిన్ గిన్నెతో వచ్చింది. "మీ కాక కాళ్లు చాపుకునేటట్టు ఆ పెడల్లు ముంగటికి జరుపు బిడ్డా. దినమంత వంగే మనిషి. నేను చెప్పిన్నని అనకు" అంది. పెద్దవాళ్ల మాట, అందులోనూ రహస్యంగా చెప్పిన మాట. రెండూ తు.చ. తప్పకుండా చేశాను. సీటు పైకి లేపాను, పెడళ్లు దూరంగా జరిపాను. చిన్నమ్మ నడుము, కాక కాళ్లు ఒకే మనిషికి ఉంటే ఆ కారు అద్భుతంగా నడిచేది.

ఇద్దరినీ పిలిచి చూపించాను. కాక ఎక్కితే తల ఇనుప గొట్టానికి ఠంగుమని తగిలింది. చిన్నమ్మ ఎక్కితే రోడ్డంతా కనబడింది గాని కాళ్లు గాల్లో ఊగాయి. "గిట్ల చెయ్యమని ఎవరు చెప్పిన్రురా నీకు?" అని ఇద్దరూ ఒక్కసారే అడిగారు. నేను ఒకసారి ఆయన వైపు, ఒకసారి ఆమె వైపు చూశాను. దాంతో ఎవరు చెప్పారో వాళ్లకే అర్థమైంది. కాక తల రుద్దుకుంటూ నవ్వు ఆపుకోలేకపోయాడు. చిన్నమ్మ మాత్రం "నాతోని ఒక్క మాట అనొద్దా?" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత కాక నా వైపు తిరిగి, "నాకు నడుపుడు కాదురా, సక్కగ కూసునుడు కావాలె. ఆమెనే నడపనియ్యి" అన్నాడు.

పెడళ్లు మళ్లీ దగ్గరికి వచ్చాయి. పక్క సీటు కిందికి దిగింది, దాని మీద పైకప్పు మాత్రం కోసి ఎత్తుగా లేపాను. ఫైబరు పైకప్పు ఎడమ వైపు బుడిపెలా ఉబ్బి, కారు ఒక పక్క బుగ్గ వాచిన మనిషిలా తయారైంది. పండుగ రోజు బసంత్‌నగర్‌లో లారీల మధ్య నుంచి చిన్నమ్మ దాన్ని అక్క గుమ్మం ముందు ఆపింది. అక్క ముందు కారును చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత డ్రైవరు సీటులోంచి దిగిన చెల్లెల్ని చూసి ఆ కొంగు తీసేసి, "మొగనికి మేడ కట్టిచ్చి మరీ తోలుకొచ్చినవా!" అని కావలించుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు కాక ఆ బుడిపె కింద వెన్ను నిటారుగా పెట్టుకుని నిద్రపోయాడు. "గుంతలుంటే ముంగటనే చెప్పు, లేస్తడు" అంది చిన్నమ్మ మెల్లగా. వెనక ట్యాంకు పక్కన ఇరుకులో ముడుచుకుని కూర్చుని నేను గుంతలు చెబుతూ వచ్చాను. దారి పొడవునా జనం ఆగి మా కారును చూసి నవ్వారు. అదంతా నా పనితనానికి మెచ్చుకోలే అనుకుని, బస్సు కిటికీల్లోంచి నవ్విన వాళ్లకు కూడా చెయ్యి ఊపాను. ఇప్పుడు ఎవరైనా నన్ను చూసి నవ్వితే ముందు చొక్కా గుండీలు సరిచూసుకుంటాను. అప్పుడప్పుడు అనిపిస్తుంది, ఆ కుర్రాడైతే చెయ్యి ఊపేవాడు కదా అని.